ఒక్క రౌండు పాతిక కిలోమీటర్లా? పెస్కారా రేసు గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

రుషికొండ రైడర్

నిన్న సాయంత్రం తెన్నేటి పార్కు దగ్గర టీ కొట్టులో మావాళ్ళ మధ్య పెద్ద రగడ. ఫార్ములా వన్‌లో అన్నిటికంటే పొడుగు సర్క్యూట్ ఏదని ఒకడు అడిగాడు. జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అన్నాను నేను. వాడు కాదన్నాడు. ఇటలీలో సముద్రం ఒడ్డున పెస్కారా అని ఊరుందట. అక్కడ మామూలు రోడ్ల మీదే ఒక్క రౌండు పాతిక కిలోమీటర్ల పైనట. 1957లో ఒకే ఒక్కసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు జరిగిందట. పాతిక కిలోమీటర్లంటే ఆర్కే బీచ్ నుంచి ఇంచుమించు భీమిలి. అంత దూరం ఒక్క రౌండా? ఎవరో వీడి చెవిలో పువ్వు పెట్టారని నా అనుమానం.

నిజమేనా? నిజమైతే ఒక్కసారితో ఎందుకు ఆగిపోయింది? అసలు అక్కడ రేసు ఎందుకు పెట్టారు? చివర్లో మన బీచ్ రోడ్డు మీద అలాంటిది పెడితే ఎలా ఉంటుందని కూడా మాటొచ్చింది, నవ్వకండి. వీడియోలు వద్దు, చూసీసాను, అన్నిట్లో అదే నలుపు తెలుపు ముక్క. తెలిసినవాళ్ళు నాలుగు ముక్కలు రాయండి.

ఇంజన్‌రూమ్ మావయ్య

బాబూ, మీ ఫ్రెండు చెప్పింది నిజం. పందెం కాసుంటే టీ డబ్బులు ఇచ్చీ.

1957 ఆగస్టు 18, ఆదివారం. రౌండు 25.8 కిలోమీటర్లు, అలాంటివి 18 రౌండ్లు. నూర్‌బుర్గ్‌రింగ్ 22.8. ఛాంపియన్‌షిప్ రేసు జరిగిన సర్క్యూట్లలో పెస్కారాని మించింది లేదు, ఇక రాదు కూడా.

నేను మర్చంట్ నేవీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యేను. ఓసారి మా షిప్పు ఓర్తోనా పోర్టులో లంగరేసింది. అక్కణ్ణుంచి పెస్కారా రైల్లో అరగంట కూడా పట్టదు. మావాళ్ళందరూ బజారుకి పోతే నేను బస్సెక్కి ఆ రోడ్డు చూడ్డానికి పోయేను. అప్పటికి నాకు ఈ పిచ్చి బాగా ముదిరిపోయింది. మీరు పెస్కారా అనగానే రేసు ట్రాకు ఊహించుకుంటున్నారు. అక్కడ ట్రాకంటూ ఏదీ లేదు, ఉన్నదల్లా రోడ్డు. ఊళ్ళో సముద్రం పక్కన మొదలై, కుడికి తిరిగి లోపలికి పోతుంది. విల్లా రాస్పా దాటేక కొండెక్కడం మొదలు. స్పోల్తోరె, ఆ తర్వాత కప్పెల్లె. రెండూ కొండ మీద పల్లెలు. ఇళ్ళ గోడలు రోడ్డుని ఆనుకునే ఉంటాయి, వాటి మధ్యనుంచి మెలికలు. ఆలివ్ తోటలు, రాతి గోడలు. ఓ పక్కకి చూస్తే గ్రాన్ సాస్సో కొండలు, ఇంకో పక్కకి చూస్తే సముద్రం. కప్పెల్లె దాటితే మోంటెసిల్వానో దాకా సముద్రం వైపు దిగుడు, గీత గీసినట్టు తిన్నగా మైళ్ళకొద్దీ. కింద మళ్ళీ కుడికి తిరిగితే తీరం పొడుగునా ఇంకో పొడుగాటి తిన్నటి రోడ్డు, పెస్కారా వచ్చీదాకా.

మన లెక్కలో చెప్పాలంటే ఆర్కే బీచ్‌లో బయల్దేరి, మద్దిలపాలెం, హనుమంతవాక, ఎండాడ మీదుగా పోయి, రుషికొండ దగ్గర కిందకి దిగి, బీచ్ రోడ్డు పట్టుకుని వెనక్కి రావడం. ఆకారం ఇంచుమించు అదే. పొడుగు కొంచెం తక్కువ పడుద్ది. మన హైవేకి అన్ని మెలికల్లేవు, అదొక్కటే లోటు.

ఇప్పుడు అక్కడెందుకు పెట్టేరన్నది. ఇది 1924 నుంచీ ఉన్న రేసు. అప్పటి పేరు కొప్పా ఆచెర్బో. జాకొమో ఆచెర్బో అని ముస్సోలినీ ప్రభుత్వంలో పెద్దమనిషి, ఆ ప్రాంతం వాడే. 1923లో ఎన్నికల చట్టం ఒకటి ఆయన పేరుతో వచ్చింది. పాతిక శాతం ఓట్లు దాటి అందరికంటే ముందున్న పార్టీకి మూడింట రెండొంతుల సీట్లు అప్పజెప్పే చట్టం. ముస్సోలినీకి రాచబాట వేసింది అదే. ఆ ఆచెర్బో తమ్ముడు టీటో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోతే ఆయన పేరున రేసు పెట్టేరు. మొదటి ఏడాది గెలిచిందెవరో తెలుసా? ఎంజో ఫెరారీ. అవును, ఆ ఫెరారీయే. అప్పటికి ఆల్ఫా రోమియో కంపెనీ డ్రైవరు. నిజానికి వాళ్ళ అసలు గుర్రం కంపారి. కంపారి కారు గేర్‌బాక్సు పోయింది. పోయిందని ఎదుటివాళ్ళకి తెలిస్తే ధైర్యం వచ్చీస్తుందని, కారుని పక్క సందులో దాచీసేడు. కంపారి ఇంకా వెనకాల తరుముకొస్తున్నాడనుకుని మిగతావాళ్ళు ఇంజన్లు చితక్కొట్టుకున్నారు. ఫెరారీ ముందు దాటీసేడు. ఆ మనిషి తర్వాత జీవితమంతా ఎలా నడిపించేడో చూస్తే ఈ సందు కథకి నాకు ఆశ్చర్యం వెయ్యదు.

తర్వాత యుద్ధం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలొచ్చి మన హార్బరు మీద బాంబులేసి పోయిన సంగతి పెద్దాళ్ళ నోట వినుంటారు. ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకి పారిపోయేరు. పెస్కారాకి పడ్డ దెబ్బ ముందు మనది ఎంతో కాదు. 1943 ఆగస్టు 31న, మళ్ళీ సెప్టెంబరు 14న, మిత్రరాజ్యాల బాంబులకి ఊరు నడిబొడ్డు నేలమట్టమైపోయింది. వేలమంది పోయేరు. నాలుగేళ్ళు తిరక్కుండా, 1947 ఆగస్టులో, అక్కడ మళ్ళీ రేసు పెట్టేరు. పెద్ద కార్లేమీ లేవు. స్టాంగ్వెల్లినీ వాళ్ళు ఫియట్ ఇంజన్ మీద కట్టిన చిన్న స్పోర్ట్స్ కారు గెలిచింది. ఆచెర్బో పేరు మాత్రం తీసీసేరు, ఫాసిస్టు పేరు ఎవడికి కావాలి. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి రాస్తాను, కోప్పడకండి. శిథిలాలింకా ఎత్తనేలేదు, రేసేంటని మనకనిపిస్తుంది. కానీ రోడ్డు మళ్ళీ వాడుకలోకి వచ్చిందని ఊరికి చెప్పడానికి అంతకంటే పెద్ద కబురు ఏముంటుంది?

ఎంవీపీ డబుల్ రోడ్

మావయ్యగారూ, బాగుంది కానీ అసలు రేసు చెప్పకుండా ఆపీసారు. 57 సంగతి చెప్పండి. ఫెరారీ టీమ్ ఆ రేసుకి రాలేదని ఎక్కడో చదివాను. ఆ ఏడాది వాన్‌వాల్ అనే ఇంగ్లండు టీమ్ చేతిలో ఓడిపోతామని భయపడి ఎగ్గొట్టారని నా అనుమానం.

ఇంజన్‌రూమ్ మావయ్య

భయం కాదు బాబూ, అలక. లేదా అలక వేషం. వరసగా చెప్తాను.

ఆ ఏడాది పెస్కారా అసలు ఛాంపియన్‌షిప్ జాబితాలోకి ఎలా వచ్చిందంటే, బెల్జియం, హాలండు రేసులు డబ్బుల దగ్గర తేడాలొచ్చి రద్దయ్యేయి. రేసులు తక్కువ పడ్డాయి. పెస్కారాలో ఎలాగూ ఏటేటా రేసు జరుగుతోంది కదా, దానికీ పాయింట్లు ఇచ్చీద్దాం అన్నారు. అదీ సంగతి. ఇప్పుడు రికార్డు రికార్డు అంటున్నది ఇంకెవడో ఖాళీ చేసిన కుర్చీలో కూర్చోడం వల్ల వచ్చింది.

ఈలోగా మే 12న మిల్లె మిలియా రేసులో ఘోరం జరిగిపోయింది. అది ఊళ్ళమీంచి వెయ్యి మైళ్ళ రేసు. గుయిదిజ్జోలో అనే ఊరి దగ్గర ఫెరారీ కారు టైరు పేలి, జనం మీదకి దూసుకుపోయింది. డ్రైవరు డి పోర్టాగో, పక్కనున్న నెల్సన్, చూడ్డానికొచ్చినవాళ్ళు తొమ్మిదిమంది పోయేరు. ఆ తొమ్మిదిమందిలో ఐదుగురు పిల్లలు. దేశమంతా భగ్గుమంది. ప్రభుత్వం రోడ్డు రేసుల మీద పడింది. ఎంజో ఫెరారీ మీద మనుషుల చావుకి కారకుడని కేసు పెట్టేరు. అది 1961 దాకా లాగి, చివరికి కొట్టేసేరు. ఆ వేడిలో ఆయన, మీ దేశంలో రేసులకి నా కార్లు పంపను పొండి అన్నాడు. అయితే ఆయన డ్రైవరు లుయీజీ ముస్సో వదిలితేనా? ఇటలీవాడు, సొంత జనం ముందు రేసు, బతిమాలి ఒక కారు తెచ్చుకున్నాడు. అంచేత ఫెరారీ వచ్చిందా రాలేదా అంటే, టీమ్ రాలేదు, కారొచ్చింది.

రేసు రోజు ఎండ మండిపోతోంది. ఆగస్టు నెల కదా, పొద్దుటే మొదలెట్టేరు. పదహారు కార్లు. ముందు వరుసలో అర్జెంటీనా డ్రైవరు ఫాంజియో, వాన్‌వాల్ నడుపుతున్న ఇంగ్లండు డ్రైవరు మాస్, మన ముస్సో. ఫాంజియో ప్రాక్టీసులో రౌండు 9 నిమిషాల 44 సెకన్లకి పూర్తి చేసేడు, అంటే ఆ పల్లెసందులూ కొండమెలికలూ అన్నీ కలుపుకుని గంటకి 155 దాటిన సగటు. అప్పటికి రెండు వారాల ముందే ఐదో ఛాంపియన్‌షిప్ ఖాయం చేసుకుని ఉన్నాడు. ముస్సో మొదటి రౌండు ముందున్నాడు, ఊరంతా ఊగిపోయింది. రెండో రౌండులో మాస్ దాటీసేడు. ఆ తర్వాత మాస్‌ని ఎవరూ చూళ్ళేదు. ముస్సో ఇంజను సగం రేసులో పోయింది. పోతూ పోతూ రోడ్డు మీద ఆయిలు కక్కింది. వెనకాలే వస్తున్న ఫాంజియో ఆ ఆయిలు మీద జారి, చక్రం పాడై, పిట్‌కి, అంటే కార్లు బాగుచేసుకునే చోటుకి, చేరి మార్పించుకునేసరికి ఇక అందుకునే ముచ్చట లేదు. మాస్ మధ్యలో ఆగి ఆయిలు పోయించుకుని కూడా మూడు నిమిషాల పైచిలుకు తేడాతో గెలిచేడు. మొత్తం మూడు గంటలకి అరనిమిషం తక్కువ.

గెలిచిన వాన్‌వాల్ గురించి చెప్పకపోతే నా ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. వాండర్వెల్ అని ఇంగ్లండులో బేరింగుల, అంటే ఇంజన్లో షాఫ్టు ఆనుకుని తిరిగే భాగాల, ఫ్యాక్టరీ యజమాని. అమెరికా నుంచి లైసెన్సు తెచ్చి థిన్‌వాల్ షెల్ బేరింగులు చేసేవాడు. అంతకుముందు బేరింగంటే వైట్ మెటలు కరిగించి పోసి, చల్లారేక చేత్తో గీకి గీకి షాఫ్టుకి సరిపెట్టుకోవాలి. నా గురువులు చేసిన పని అది, నేనూ కొంత చేసేను, భుజాలు పడిపోయేవి. ఈ షెల్ బేరింగొచ్చేక పాతది తీసి కొత్తది పెట్టడం, బిగించడం, అంతే. పలచటి ఉక్కు రేకు మీద ఇంకా పలచటి లోహపు పొర. ఆయన ఇంటిపేరులో సగం, బేరింగు పేరులో సగం కలిపితే వాన్‌వాల్. ఇంజను కూడా చిత్రమైనదే. నార్టన్ మోటారు సైకిలు సింగిల్ సిలిండర్లు నాలుగు పక్కపక్కన పేర్చిన ఆలోచన, కిందనున్న క్రాంక్‌కేసుకి రోల్స్‌రాయిస్ మిలిటరీ ఇంజను ఆధారం. రెండున్నర లీటర్లు. ఇటలీ ఎర్ర కార్ల గడ్డ మీద ఇంగ్లండు ఆకుపచ్చ కారు గెలిచింది. జులైలో ఇంగ్లండు ఎయింట్రీలో ఓసారి, పెస్కారాలో రెండోసారి, సెప్టెంబరులో ఇటలీలోనే మోంజాలో మూడోసారి. ఆ మరుసటేడు కన్‌స్ట్రక్టర్ల కప్పు, అంటే కార్లు తయారుచేసేవాళ్ళకిచ్చే కప్పు, మొట్టమొదటిసారి పెడితే అదీ వాళ్ళకే పోయింది. ఫెరారీకి భయం ఉండాల్సిన మాట నిజమే, ఆ మాత్రం ఎంవీపీవారికి ఒప్పుకుంటాను.

రుషికొండ రైడర్

మావయ్యా, దండం. టీ డబ్బులు ఇచ్చీసాను. మావాడు ఇంకో మాట కూడా అన్నాడు, ఆ రేసులో ఒకడు మధ్యలో పెట్రోలు బంకులో ఆగి పెట్రోలు కొట్టించుకున్నాడట. ఇదైనా కోత అని చెప్పండి, పరువు దక్కుద్ది.

ఇంజన్‌రూమ్ మావయ్య

జాక్ బ్రాభమ్ గురించి అలా చెప్పుకుంటారు బాబూ. వెనక ఇంజనున్న చిన్న కూపర్ కారు. పెట్రోలు అయిపోవస్తే రోడ్డు పక్క బంకులోకి దూర్చి పోయించుకుని మళ్ళీ బయల్దేరేడని. ఏడోవాడిగా చేరేడు. చేరినవాళ్ళే ఏడుగురు. రేసు రోడ్డు మీద బంకు ఉండడమే చూడు, అదెలాంటి రోడ్డో తెలుస్తుంది. అందరూ నవ్విన ఆ వెనక ఇంజను కూపరే 1959లో, 60లో అతన్ని ప్రపంచ ఛాంపియన్ని చేసింది.

కంచరపాలెం సివిల్

అందరికీ నమస్తే. నేను రోడ్ల పని చేసే ఇంజనీర్‌ని, అందుకే ఆఖరి ప్రశ్నకి నేను జవాబిస్తాను. మన బీచ్ రోడ్డు మీద అలాంటిది వద్దు, కుదరదు.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది కదా, హుస్సేన్‌సాగర్ పక్కన. నేను చూడ్డానికి వెళ్ళాను. వెర్న్ అనే ఫ్రెంచి డ్రైవరు గెలిచాడు. ఆ సర్క్యూట్ మొత్తం 2.83 కిలోమీటర్లు. దానికే కాంక్రీటు దిమ్మలు, వాటి మీద ఇనప కంచె, రెండు వైపులా, ఎక్కడా సందు లేకుండా. రోజుల తరబడి ట్రాఫిక్ మళ్ళింపులు, జనం తిట్లు. మరుసటేడు రేసు రద్దయింది. చెన్నైలో 2024లో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు పెట్టారు, అదీ మూడున్నర కిలోమీటర్లే. పెస్కారా రౌండు హైదరాబాద్‌దానికి తొమ్మిది రెట్లు. రెండు పక్కలా గోడ కట్టాలంటే యాభై కిలోమీటర్లు దాటుతుంది. ప్రతి మలుపులో జెండా పట్టుకునే మనిషి, ఆంబులెన్సు, అగ్నిమాపక బండి. పెస్కారాలో అవన్నీ ఉన్నాయా? గడ్డి మోపులు, తాళ్ళు. జనం గోడల మీద, మిద్దెల మీద, రోడ్డు అంచున.

ఇక మన దగ్గర జాలారిపేట, జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట. పడవలొచ్చే వేళకి చేపల గంపలు రోడ్డు దాటాలి. పొద్దుట వాకర్ల కోసం కాసేపు బండ్లు ఆపితేనే ఎంత గొడవో చూస్తున్నాం.

మావయ్యగారి రాత నాకు నచ్చింది. కానీ ఒక్కటి అడుగుతాను. శిథిలాల మధ్య రేసు గొప్ప కబురు అన్నారు. ఆ రోడ్డు మీద 1934లో గై మోల్ అని చిన్న వయసు కుర్రాడు ఇంకో కారుని దాటబోయి చనిపోయాడు. ఇరవై నాలుగేళ్ళు. మళ్ళీ అదే రోడ్డు మీద, అదే తిన్నటి భాగం మీద, యుద్ధం తర్వాత ఇంకా వేగమైన కార్లు. ఇందులో ధైర్యం ఎంత, అలవాటు ఎంత?

ఇంజన్‌రూమ్ మావయ్య

అమ్మా, నువ్వన్న లెక్కలన్నీ నిజం. నేను కాదనను. రోడ్డు మూసి, గోడ కట్టి, మనుషుల్ని కాపాడాలంటే అంత పొడుగు కుదరదు. పొడుగు కావాలంటే కాపాడ్డం కుదరదు. పెస్కారా ఒక్కసారితో ఆగిపోడానికి వేరే కారణం వెతకక్కర్లేదు. 57 ఆగస్టులో ఆ పదహారు కార్లు బయల్దేరేసరికే, గుయిదిజ్జోలోలో ఆ తొమ్మిదిమందితోపాటు ఈ రకం రేసు కూడా పోయింది. పెస్కారావాళ్ళకి ఆ ఆదివారం ఇంకా తెలీదంతే. 1961 ఆగస్టు 15న స్పోర్ట్స్ కార్లతో నాలుగు గంటల రేసు ఒకటి జరిగింది, బందీనీ, స్కార్లాత్తీ ఇద్దరూ ఫెరారీలో గెలిచేరు. తర్వాత మూత.

కానీ అలవాటేనన్న మాట దగ్గర నేను నీతో తేడా పడతాను. కంచె లేదు నిజమే. డ్రైవర్లకి అది తెలుసు. ఇప్పటి సర్క్యూట్లో తప్పు చేస్తే గడ్డిలోకి పోయి మళ్ళీ వస్తారు. స్పోల్తోరెలో నేను ఆ మలుపుల్లో నడిచేను, రోడ్డుకీ ఇంటి గుమ్మానికీ మధ్య నా రెండు చేతులు చాపేంత జాగా లేదు. అక్కడ పోయేవాడు రోడ్డంతా గుర్తు పెట్టుకోవాలి, 25 కిలోమీటర్లూ. మూడు గంటల్లో ఒక్కో మలుపూ పద్దెనిమిది సార్లే చూస్తాడు. అది నైపుణ్యం కాదనకు. అక్కడ రేసు పెట్టడం తప్పు, అది ఒప్పుకుంటాను. రెండూ ఒకేసారి నిజం అవ్వకూడదా ఏటి?

ఎంవీపీ డబుల్ రోడ్

ఫాంజియో 57లో ఆయిలు మీద జారకపోతే కథ వేరు కదా మావయ్యా. పెస్కారాలో ఆయనకి ఎప్పుడూ అదృష్టం లేదు.

ఇంజన్‌రూమ్ మావయ్య

అదేమాట బాబూ, 1950లో అక్కడ గెలిచిందే ఫాంజియో. ఛాంపియన్‌షిప్ పాయింట్లు లేని రేసు, అంచేత చాలామంది లెక్కలోకి తీసుకోరు. నాకైతే 57 కంటే అదే బాగుంటుంది. ఆల్ఫా రోమియో వాళ్ళవి రెండు కార్లు, ఫాంజియోది ఒకటి, ఫజోలీది ఒకటి. ఫజోలీ అప్పటికి యాభై దాటినవాడు, యుద్ధానికి ముందు కాలం మనిషి, అదే రోడ్డు మీద ఒకప్పుడు గెలిచినవాడు కూడాను. పెద్దాయన్ని గెలవనిద్దామని ముందే అనుకున్నారు, ఫాంజియో వెనకే మర్యాదగా వస్తున్నాడు. ఆఖరి రౌండు. ఫజోలీ కారు ముందు సస్పెన్షను కూలింది. ఆయన కారు ఈడ్చుకుంటూ వస్తున్నాడు, ఫాంజియో పక్కన నెమ్మదిగా, ముందుకెళ్ళమంటే వెళ్ళకుండా. ఈలోగా వెనకనుంచి రోజియే అనే ఫ్రెంచి డ్రైవరు తాల్బో కారేసుకుని దూసుకొస్తున్నాడు. ఇక లాభం లేదని ఫాంజియో గేరు మార్చి పోయేడు, గెలిచేడు. రోజియే రెండు. పెద్దాయన మూడు.

ఆ మరుసటేడు ఫ్రాన్స్ రేసు మధ్యలో ఫాంజియో కారు చెడితే, ఫజోలీని దింపీసి ఆయన కారు ఫాంజియోకి ఇచ్చీమన్నారు. ఆ కారు గెలిచింది, గెలుపు ఇద్దరి పేరునా రాసేరు. యాభై మూడేళ్ళకి ఛాంపియన్‌షిప్ రేసు గెలిచినవాడు ఇప్పటిదాకా ఆయనొక్కడే. ఆయనకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ రోజుతో ఫార్ములా వన్‌కి దండం పెట్టీసేడు.